యామనపల్లి ఎముకలు: కోటసారస్ నడక గురించి

సభాధ్యక్షులకు, పెద్దలకు, సెలవురోజైనా వచ్చి ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

నేను చాలాకాలం భూగర్భశాస్త్రం బోధించిన ఉపాధ్యాయుణ్ని. ఏదైనా ఒక శిలాజం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు కోటసారస్ యామనపల్లియెన్సిస్. పేరు పలకడానికి పొడుగ్గా ఉన్నా, విడదీసి చూస్తే అందులో సగానికి పైగా మనకు తెలిసిన మాటలే. కోట ఒక ఊరి పేరు. యామనపల్లి మరో ఊరి పేరు. మధ్యలో ఉన్న 'సారస్' అనే గ్రీకు మాటకు బల్లి అని అర్థం. చివరి తోక లాటిన్ వ్యాకరణం తగిలించినది. ఫలానా ఊరికి చెందినది అని మాత్రమే అది చెబుతుంది. అంటే యామనపల్లిలో దొరికిన, కోట శిలల నాటి జంతువు అని ఆ పేరుకు భావం. ఆ జంతువు అక్కడి నేల మీద తిరిగి సుమారు 18 కోట్ల సంవత్సరాలు అయి ఉంటుంది. దాని నడక గురించే ఈ సాయంత్రం ఎక్కువగా మాట్లాడతాను, ఎందుకంటే దాని శరీరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ నడకే.

ముందుగా రెండు తెలుగు మాటల సంగతి తేల్చుకుందాం. ఇలాంటి జంతువులను మనం సరీసృపాలు అంటాం. పాకుతూ పోయేది సరీసృపం. డైనోసార్‌ను రాక్షసబల్లి అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. రెండూ చక్కని మాటలే కానీ, రెండూ మన మనసులో తప్పు బొమ్మ గీస్తాయి. మీ ఇంటి గోడ మీద బల్లిని గమనించండి. దాని కాళ్లు ఒంటికి పక్కలకు చాచి ఉంటాయి; మోచేతులూ మోకాళ్లూ బయటికి వంగి, పొట్ట నేలకు దగ్గరగా వేలాడుతుంది. డైనోసార్ అలా నిలబడేది కాదు. దాని తొడ ఎముక తుంటి కింద నిటారుగా దిగి, శరీరపు బరువును స్తంభంలా నేలకు దించేది. తొడ ఎముక తల వచ్చి కూర్చునే తుంటి గుంట బల్లిలో గిన్నెలా అడుగు మూసుకుని ఉంటే, డైనోసార్లలో అడుగు తెరుచుకుని, ఒక వైపు నుంచి చూస్తే రెండో వైపు కనిపించే రంధ్రంలా ఉంటుంది. కాబట్టి కోటసారస్ పాకలేదు, నడిచింది. ఏ ఎముకను ఆధారం చేసుకుని ఈ జాతికి పేరు పెట్టారో ఆ ఎముక కూడా తుంటికి చెందినదే. శాస్త్ర నియమం ప్రకారం ప్రతి జాతి పేరూ ఒక నిర్దిష్టమైన నమూనాకు కట్టుబడి ఉండాలి. కోటసారస్ పేరు తుంటి పైభాగంలో విసనకర్రలా పరుచుకునే ఎముకకు కట్టుబడి ఉంది.

ఇక ఊళ్ల సంగతి. కోట అనగానే చాలామంది రాజస్థాన్‌లోని కోటాను తలుచుకుంటారు. ఇళ్లలో పరిచే నున్నటి బండలు అక్కడివే కాబట్టి ఆ పొరపాటు సహజం. ఈ కోట అది కాదు. వార్ధా, వైన్‌గంగా నదులు కలిసి ప్రాణహిత అనే పేరుతో దక్షిణానికి ప్రవహించి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. ఆ సంగమానికి ఎగువన, సిరోంచకు ఉత్తరంగా, ప్రాణహిత ఎడమ గట్టున ఉన్న చిన్న ఊరు కోట. ఈనాటి పాలనా పటంలో అది మహారాష్ట్రలో ఉంది. కానీ సిరోంచ వైపు తెలుగు ఇళ్లలో వినిపించే భాషే అని మీలో ఆ ప్రాంతం తెలిసినవారికి తెలుసు. నదికి ఇవతలి గట్టు మన అప్పటి ఆదిలాబాద్ జిల్లా, అందులోదే యామనపల్లి. శిలలకు రాష్ట్రాల హద్దులు లేవు. కోట దగ్గర మొదట గుర్తించిన రాతిపొరలు నది దాటి ఇవతల కూడా కొనసాగుతాయి. అందుకే అవి ఎక్కడ బయటపడినా భూగర్భశాస్త్రజ్ఞులు వాటిని కోట శిలాశ్రేణి అనే పిలుస్తారు.

ఈ లోయ పుట్టుక గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఎముకలు ఇక్కడే ఎందుకు మిగిలాయో అర్థం కాదు. భూమి పైపెంకు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడుగ్గా పగిలి, పగుళ్ల మధ్య భాగం నెమ్మదిగా కుంగుతూ వచ్చింది. కుంగిన చోటికి చుట్టుపక్కల ఎత్తుల నుంచి నదులు ఇసుకనూ ఒండ్రునూ మోసుకొచ్చి నింపాయి. నింపినకొద్దీ అది ఇంకా కుంగింది. ఇలా కోట్ల సంవత్సరాలు సాగింది కాబట్టి ఒకదాని మీద ఒకటిగా కాలం పేరుకుపోయింది. అడుగు పొరల్లో బొగ్గు ఉంది. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర కనుగొన్న సింగరేణి బొగ్గు ఈ లోయ అడుగు పొరలదే. ఆయనే ప్రాణహిత గోదావరి లోయ మొత్తాన్నీ తిరిగి, దాని శిలల గురించి 1881లో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. బొగ్గు పొరలకు చాలా పైన, అంటే చాలా తర్వాతి కాలంలో, కోట శిలలు వస్తాయి. ఈ పొరలన్నిటినీ కలిపి గోండ్వానా శిలలు అంటారు. ఆ పేరు గోండుల నేల నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో మెడ్లికాట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు మధ్యభారత శిలలకు ఆ పేరు వాడారు. తర్వాత ఎడువార్డ్ జూస్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు దానినే దక్షిణార్ధగోళపు మహాఖండానికి పెట్టారు. ఈనాడు అర్జెంటీనాలోనో అంటార్కిటికాలోనో పనిచేసే శాస్త్రజ్ఞుడు కూడా రోజూ మన గోండుల పేరు ఉచ్చరిస్తాడు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ ఉంటే వాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలని నా కోరిక.

కోట శిలల్లో మొదట పేరు తెచ్చుకున్నది చేపలు. అక్కడి పలుచటి సున్నపురాతి పలకల మధ్య నొక్కుకుపోయి, పొలుసులు మెరుస్తూ దొరికిన ఒక చేపకు 1851లో ఈజర్టన్ అనే ఆంగ్లేయుడు దక్కన్ పేరు కలిసివచ్చేలా నామకరణం చేశారు. అక్కడి నుంచి వంద సంవత్సరాలకు పైగా కోట అంటే చేపల కోటే. పెద్ద జంతువుల కథ 1957 తర్వాత మొదలవుతుంది. కలకత్తాలో భారత గణాంక సంస్థను నడుపుతున్న ప్రశాంత చంద్ర మహలనోబిస్, లండన్ నుంచి పమేలా లాంప్లు రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రజ్ఞురాలిని ఆహ్వానించి తన సంస్థలో భూగర్భ విభాగానికి పునాది వేయించారు. లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పని అని అడగవచ్చు. కొలిచి, పోల్చి, తేడాలు లెక్కగట్టడం రెండింటికీ ఉమ్మడి పని అన్నది ఆయన నమ్మకం. ఆవిడ దగ్గర తయారైన యువకులు ఈ లోయలో ఊరూరా తిరిగారు. సిరోంచ తాలూకాలోని పోచంపల్లి దగ్గర, అంటే మన చేనేత పోచంపల్లి కాదు, అదే పేరున్న మరో ఊరు, 1960 ప్రాంతంలో వాళ్లకు ఒక మహాకాయుని ఎముకలు దొరికాయి. ఒక్క తొడ ఎముకే దాదాపు 1.7 మీటర్ల పొడవు. బెంగాలీలో 'బడ' అంటే పెద్ద, 'పా' అంటే కాలు. తవ్వకం జరిగిన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం. ఆ రెండు జ్ఞాపకాలూ కలిసి బరపాసారస్ టాగోరియై అనే పేరు పుట్టింది. జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, చటర్జీ కలిసి 1975లో దానిని లోకానికి పరిచయం చేశారు. సుమారు 300 ఎముకలను కూర్చి నిలబెట్టిన ఆ అస్థిపంజరం ఇప్పటికీ కోల్‌కతాలో ఆ సంస్థ ప్రదర్శనశాలలో ఉంది.

బరపాసారస్‌కు వచ్చిన ఖ్యాతి దాని పొరుగువాడికి రాలేదు. నాకు ఇది కొంచెం బాధ కలిగించే విషయమే. పోచంపల్లి తవ్వకం జరిగిన చోటికి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, 1970ల చివరి సంవత్సరాల్లో, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు యామనపల్లి దగ్గర తవ్వారు. సుమారు 2,400 చదరపు మీటర్ల నేలలో 840 ఎముకలు బయటపడ్డాయి. మన లెక్కలో చెప్పాలంటే అరెకరం కంటే కాస్త ఎక్కువ చేను. ఆ చేనులో అన్ని ఎముకలు! 1988లో పి. యాదగిరి వాటిని కొత్త ప్రజాతిగా ప్రకటించి, కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. 2001లో ఆయనే ఒక్కొక్క ఎముకనూ విడివిడిగా వర్ణిస్తూ సవివరమైన పరిశోధన పత్రం ప్రచురించారు. పేరు పెట్టడానికీ పూర్తి వర్ణనకీ మధ్య 13 సంవత్సరాలు గడిచాయి. రాతిలో ఇరుక్కున్న ఎముకను విరగకుండా పైకి తీయడం, దానికి ప్లాస్టర్ పట్టీలు చుట్టి ప్రయోగశాలకు చేర్చడం, అక్కడ సూదిలాంటి పనిముట్లతో గింజ గింజగా రాతిని గీకడం, పగిలిన ముక్కలను అతకడం, కొలవడం, ప్రపంచంలోని ఇతర ఎముకలతో పోల్చడం, ఇదంతా ఓపిక తప్ప మరో దారి లేని పని.

ఆ 840 ఎముకలు ఒక జంతువువి కావు. కనీసం 12 జంతువులవి. కనీసం అనే మాట ఎందుకు వాడుతున్నానంటే, కలగాపులగమైన ఎముకల గుట్టలో జంతువులను లెక్కపెట్టే పద్ధతే అలాంటిది. ఒక జంతువుకు ఎడమ తొడ ఎముక ఒక్కటే ఉంటుంది. గుట్టలో ఎడమ తొడ ఎముకలు ఐదు ఉంటే కనీసం ఐదు జంతువులు ఉన్నట్టే. ఇలా ఏ ఎముక ఎక్కువసార్లు పునరావృతమైతే ఆ సంఖ్యను, పెద్దవాటి చిన్నవాటి పరిమాణాలను కూడా చూసుకుని, కనీస సంఖ్యగా తీసుకుంటారు. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువ కావచ్చు, తక్కువ మాత్రం కాదు.

ఒకే జాతికి చెందిన అన్ని జంతువులు ఒకే చోట ఎలా చనిపోయాయి? వరద వచ్చి ఒక మంద మునిగిపోయి ఉంటుందని ఒక ఊహ ఉంది. పోచంపల్లి దగ్గర బరపాసారస్ ఎముకలు పెద్ద పెద్ద చెట్ల మొద్దులతో కలిసి దొరికాయి. మొద్దులను దొర్లించగల నీరు అక్కడా ప్రవహించిందని అది సూచిస్తుంది. గోదావరి వరదల్లో కొట్టుకొచ్చి గట్టుకు చేరిన పశువులను చూసినవారికి ఈ ఊహ అర్థం కావడం కష్టం కాదు. కానీ ఒక జాగ్రత్త అవసరం. మంద ఒక్కసారిగా చనిపోయిందా, లేక వేర్వేరు కాలాల్లో చనిపోయిన వాటి ఎముకలను నది ఒక మలుపులో పోగుచేసిందా అనేది ఎముకల పోగును చూసిన వెంటనే తేలేది కాదు. నేను మొదటి ఊహ వైపే మొగ్గుతాను. వేర్వేరు కాలాల పోగు అయితే అందులో రకరకాల జంతువులు కలిసి ఉండాలి; ఇంతటి ఎముకల గుట్ట ఒకే జాతిది కావడం ఒక మంద కథనే బలపరుస్తుందని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి, అంటే ఈ జంతువు ఒంటికి, వద్దాం. కోటసారస్ పొడవు సుమారు 9 మీటర్లు, బరువు సుమారు రెండున్నర టన్నులు అని అంచనా. ఆర్టీసీ బస్సు కంటే కొంచెం పొట్టి. బరువు ఒక ఆడ ఏనుగుతో సరితూగుతుంది. పొడవాటి మెడ, అంతకంటే పొడవాటి తోక, మధ్యలో పీపాలాంటి పొట్ట, దాని కింద నాలుగు స్తంభాల్లాంటి కాళ్లు. ఇలాంటి దేహం ఉన్న శాకాహార డైనోసార్లను సారోపాడ్‌లు అంటారు. భూమి మీద నడిచిన అతిపెద్ద జంతువులు ఈ వంశంలోనివే. తర్వాతి కాలంలో వాటిలో కొన్ని 30 మీటర్లు దాటాయి. కోటసారస్ ఆ వంశానికి మొదటి మెట్ల మీద నిలబడినది.

ఆ వంశపు పూర్వీకులు ఇలా ఉండేవి కావు. వాటిలో మొదటివి చిన్నవి, తేలికైనవి, రెండు కాళ్ల మీద నడిచేవి. వాటి తర్వాత వచ్చిన ప్రోసారోపాడ్‌లు పెద్దవైనా చాలావరకు వెనక కాళ్ల మీదే ఆధారపడ్డాయి. ముందు కాళ్లు పొట్టివి, చెట్టు కొమ్మను లాగడానికి ఉపయోగపడే చేతుల్లాంటివి. అలాంటి రెండుకాళ్ల జంతువు నాలుగు కాళ్ల మీదికి ఎలా దిగింది? మనిషి విషయంలో మనం ఎప్పుడూ నాలుగు నుంచి రెండుకు లేచిన కథే చెప్పుకుంటాం. ఇక్కడ కథ తలకిందులు. రెండు నుంచి నాలుగుకు దిగడం కూడా పరిణామంలో ఒక గొప్ప మార్పే, ఎందుకంటే ఆ మార్పు లేకుండా ఆ మహాకాయాలు సాధ్యమయ్యేవి కావు.

దీనికి లెక్క ఒకటుంది, పిల్లలు గమనించండి. ఒక జంతువు అన్ని వైపులా రెండింతలు పెరిగిందనుకుందాం. దాని ఎముక అడ్డకోత వైశాల్యం నాలుగింతలు అవుతుంది. కానీ దాని ఘనపరిమాణం, కాబట్టి బరువు, ఎనిమిదింతలు అవుతుంది. నాలుగింతలు బలపడిన కాలు ఎనిమిదింతల బరువును మోయాలి. వంగిన మోకాలితో అది సాధ్యం కాదు. పప్పు బస్తా మోసే హమాలీ మోకాళ్లు వంచి ఎక్కువసేపు నిలబడలేడు. నిటారుగా నిలబడితే బరువు కండల మీద కాకుండా ఎముకల మీదుగా నేలలోకి దిగుతుంది. సారోపాడ్ కాలూ అంతే. పెద్దవాటి తొడ ఎముక వంపులు పోగొట్టుకుని తిన్ననైంది. దాని అడ్డకోత గుండ్రంగా కాక కోడిగుడ్డులా వెడల్పయింది.

యామనపల్లిలో దొరికిన తొడ ఎముకలను ఈ దృష్టితో చూడాలి. అవి తిన్నగా ఉన్నాయి. అడ్డకోత కోలగా ఉంది. అంటే స్తంభం తయారైంది, జంతువు పూర్తిగా నాలుగు కాళ్ల మీదే నడుస్తోంది. అయినా అదే తొడ ఎముక పైభాగంలో ముందువైపు ఒక చిన్న గుబ్బ మిగిలి ఉంది. తుంటి నుంచి దిగే కండర బంధం వచ్చి పట్టుకునే చోటు అది. రెండు కాళ్ల మీద నడిచిన పూర్వీకులలో ఆ గుబ్బ స్పష్టంగా ఉంటుంది. తర్వాతి సారోపాడ్‌లలో అది క్రమంగా కరిగిపోతుంది. కోటసారస్‌లో అది ఇంకా పోలేదు. నడక మారింది కానీ, పాత నడక నాటి కండరం తన పట్టును వదులుకోలేదు. కాళ్లు కూడా తర్వాతి సారోపాడ్‌లతో పోలిస్తే పొట్టివి, సన్ననివి. వెన్నుపూసల సంగతీ ఇలాంటిదే. తర్వాతి మహాకాయుల వెన్నుపూసలు లోపల గదులుగా తొలిచి, పక్కల పలుచటి రెక్కలతో ఆనిచ్చి, బరువు తగ్గి బలం పెరిగేలా మలచినట్టు ఉంటాయి. కోటసారస్ వెన్నుపూసలు వాటి పక్కన సాదాగా కనిపిస్తాయి. తుంటి ఎముక కూడా ఎత్తు తక్కువగా, పూర్వీకుల పోలికతో ఉంది.

పళ్లు మాత్రం కొత్త కాలానివి. అవి చెంచా ఆకారంలో ఉన్నాయి, తర్వాతి సారోపాడ్‌ల పళ్లలాగే. మీరు గేదెను గమనించి ఉంటారు. అది గడ్డిని నాలుకతో లాగి మింగి, తర్వాత నీడలో పడుకుని నెమరువేస్తుంది. వెడల్పాటి నమిలే పళ్లతో గంటల తరబడి నలుపుతుంది. సారోపాడ్‌కు అలాంటి నమిలే పళ్లు లేవు. చెంచా పళ్లతో కొమ్మ నుంచి ఆకును దూసి, అలాగే మింగేది. నమలడం అనే పనిని పొట్టలోని సూక్ష్మజీవులు చేసేవి. నమలని ఆకు కుళ్లి జీర్ణం కావడానికి చాలా సమయం, చాలా పెద్ద పొట్ట కావాలి. పెద్ద పొట్ట తుంటికి ముందు వేలాడితే బరువు ముందుకు తూగుతుంది, రెండు కాళ్ల మీద నిలబడటం కష్టమవుతుంది. ముందు కాళ్లు కింద ఆనవలసిందే. అంటే నడక మారడానికి మూలం పొట్టలో ఉంది, పొట్ట పెరగడానికి మూలం పంటిలో ఉంది. నమలడం లేదు కాబట్టి బరువైన దవడలు అక్కర్లేదు, తల చిన్నగా ఉండవచ్చు. తల చిన్నది కాబట్టి మెడ పొడవు పెరగవచ్చు. మెడ పొడవైతే జంతువు నిలబడిన చోటు నుంచి కదలకుండానే చుట్టూ మేయవచ్చు. పన్ను, పొట్ట, కాలు, మెడ ఒకదాన్నొకటి లాక్కుంటూ మారాయి. కానీ అన్నీ ఒకే వేగంతో మారలేదు. పన్ను ముందుకెళ్లింది, తొడ సగం మారింది, వెన్ను వెనకబడింది. కోటసారస్ నాకు ప్రియమైనది ఈ కారణానికే. ఒక పెద్ద మార్పు జరుగుతుండగా, పని మధ్యలో చిక్కిన జంతువు అది.

మన లోయ ప్రత్యేకత ఇంకొకటుంది. ఈ మార్పుకు ముందరి మెట్లు కూడా కోట శిలల అడుగునే ఉన్నాయి. కోట పొరల కింద ధర్మారం శిలలు, వాటి కింద మలేరి శిలలు వస్తాయి. మలేరి కూడా ఆ ప్రాంతపు ఊరే. మలేరి పొరల పైభాగంలో నంబాలియా అనే తొలి కాలపు బంధువు దొరికింది. మలేరి, ధర్మారం పొరల సరిహద్దుకు అటూ ఇటూ జక్లపల్లిసారస్ దొరికింది. ఈ రెండింటికీ 2011లో పేర్లు పెట్టారు. ధర్మారం పొరల్లోనే బరువైన దేహం గల లాంప్లుసారా ధర్మారమెన్సిస్ దొరికింది; 2007లో దానికి పేరు పెట్టినప్పుడు, ఈ పని అంతటికీ విత్తనం వేసిన పమేలా లాంప్లు రాబిన్సన్‌ను స్మరించుకున్నారు. ఒకే లోయలో, ఒకదాని మీద ఒకటిగా ఉన్న పొరల్లో, సారోపాడ్ వంశపు తొలి అధ్యాయాలు ఇలా వరుసగా దొరకడం ప్రపంచంలో అరుదు. అయితే కింద ఉన్నది తాత, పైన ఉన్నది మనవడు అని సూటిగా చెప్పకూడదు. ఒక ఊళ్లో మూడు తరాల కాలంలో నివసించిన వారంతా ఒకే కుటుంబం వారు కానట్టే, ఇవీ దగ్గరి దూరపు బంధువులు. కానీ వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే మార్పు దిశ కనిపిస్తుంది.

కోటసారస్ స్థానం గురించి శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఎక్కువమంది దానిని అతి ప్రాచీన సారోపాడ్‌లలో ఒకటిగా, జింబాబ్వేలోని కరీబా సరస్సు లంక మీద దొరికి 1972లో పేరు పొందిన వల్కనోడాన్ పరిసరాల్లో నిలుపుతారు. పాత లక్షణాలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి సారోపాడ్ గుమ్మానికి కాస్త బయట నిలపాలని మరికొందరు అంటారు. ఆ గుమ్మాన్ని మనం గీసుకున్నాం. నడుస్తున్న వంశధారలో ఎక్కడ గీత గీసినా గీతకు అటూ ఇటూ ఉన్నవి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి నాకు ఈ వాదంలో గెలుపు ఓటములు ముఖ్యంగా తోచవు. ఆ వాదం పుట్టించిన కొలతలు ముఖ్యం. జింబాబ్వే జంతువుతో పోలిక విని ఆశ్చర్యపోకండి. ఆనాడు ఇండియా, ఆఫ్రికా, మడగాస్కర్, అంటార్కిటికా, ఆస్ట్రేలియా ఒకే నేలగా అతుక్కుని ఉన్నాయి. ఇక్కడి మందకూ అక్కడి మందకూ మధ్య సముద్రం లేదు.

ఆనాటి యామనపల్లిని ఊహించుకోవాలంటే ముందు ఈనాటి యామనపల్లిని పూర్తిగా తుడిచేయాలి. హిమాలయాలు లేవు. దక్కన్ పీఠభూమి మీద పరుచుకున్న నల్లరేగడికి తల్లి అయిన లావా ఇంకా పొంగలేదు, దానికి మరో పదికోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. ఇప్పటి గోదావరీ ప్రాణహితా లేవు. ఆ ఎముకలను పూడ్చినవి వేరే నదులు. పచ్చిక లేదు, పూలచెట్లు లేవు. శంఖాకారపు చెట్లు, ఈతచెట్టును పోలిన సైకాడ్‌లు, ఫెర్న్‌లు ఉన్నాయి. కోటసారస్ దూసి తిన్నది వీటినే. పక్కన మంచినీటి సరస్సులు, వాటిలో గట్టి మెరుపు పొలుసుల చేపలు, పైన ఎగిరే సరీసృపాలు. పొదల అడుగున ఎలుకంత జీవులు కూడా తిరిగాయి. ఒక చిన్న దవడ పన్ను ఆధారంగా 1981లో వాటిలో ఒకదానికి, కలకత్తాలో కొంతకాలం పనిచేసిన జీవశాస్త్రవేత్త హాల్డేన్ పేరు కలిపి, కోటాథీరియం హాల్డేని అని పేరు పెట్టారు. అది క్షీరదాల వైపు జీవి. కోటసారస్ మంద కాళ్ల మధ్య నుంచి తప్పుకుంటూ తిరిగిన ఆ చిరుజీవుల వైపు వంశంలోనే చాలా తర్వాత మనం వచ్చాం.

హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళితే కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంటుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. మళ్లీ వెళ్లినప్పుడు నా కోసం మూడు పనులు చేయండి. పక్క నుంచి చూసి తుంటి గుంట వెతకండి, అది రంధ్రమో గిన్నెయో చూడండి. తొడ ఎముకను పై నుంచి కిందికి కంటితో కొలిచి అది ఎంత తిన్నగా ఉందో గమనించండి. తర్వాత తల వైపు చూడండి. యామనపల్లిలో పళ్లు దొరికాయి కానీ కపాలం దొరకలేదు. కాబట్టి ఆ జంతువుకు ఎవరు ఎక్కడ తల పెట్టినా, అది బంధుజాతులను చూసి మలచినదే. ఊహించిన భాగం ఊహించినదని తెలిసి చూస్తే, మిగతా భాగం ఎంత గట్టి ఆధారం మీద నిలబడి ఉందో కూడా తెలుస్తుంది. ఇంకొక మాట: అది ఒక్క జంతువు అస్థిపంజరం కాదు. కనీసం 12 జంతువుల ఎముకల నుంచి కూర్చిన రూపం.

ముందు వరుస నుంచి ఒక అమ్మాయి చీటీ పంపింది. 'పన్నెండు జంతువులు దొరికితే ఒక్క తలైనా ఎందుకు దొరకలేదు సార్?' అని అడిగింది. ఈ సాయంత్రం నాకు అందిన అత్యంత మంచి ప్రశ్న ఇది, అమ్మా. సారోపాడ్ తల చాలా చిన్నది, పలుచటి ఎముకలతో అల్లినది, మెడ చివరి పూసకు వదులుగా అతికినది. జంతువు చనిపోయి కండ కుళ్లగానే మొదట ఊడి విడిపోయేది తలే. తొడ ఎముక నీటి అడుగున రాయిలా పడి ఉంటుంది. తల ఎముకలు పెంకుల్లా విడిపోయి ప్రవాహంతో పోతాయి. ప్రపంచంలో చాలా సారోపాడ్‌లకు ఇదే జరిగింది, పోచంపల్లి బరపాసారస్‌కు కూడా కపాలం లేదు. నీరు జోరుగా పారిన చోట ఇసుక పేరుకుంటుంది, నెమ్మదించిన చోట సన్నని బంకమన్ను దిగుతుంది. తేలికైన ఎముక ముక్కలు చేరేది రెండో చోటికే. కోట శిలల్లోని అలాంటి బంకమట్టిని బస్తాలకెత్తి, నీటిలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగితే మిల్లీమీటర్ల పరిమాణం గల పళ్లు, దవడ ముక్కలు దొరుకుతున్నాయి. ఆనాటి చిరు సరీసృపాల, క్షీరదాల సంగతులు ఈ మధ్య దశాబ్దాల్లో ఎక్కువగా ఆ జల్లెడల నుంచే తెలిశాయి. కోటసారస్ ముక్కు కొస, దవడ అంచు, మెదడు పెట్టె వెనక గోడ, వీటిలో ఏ ఒక్క ముక్క దొరికినా దాని పళ్ల వరుస ఎంత పొడవో, మూతి ఎంత వెడల్పో తెలుస్తుంది. వెతకవలసింది పెద్ద ఎముకలు దొరికిన ఇసుకరాతిలో కాదు, దాని పక్కనున్న మెత్తటి పొరల్లో.